రక్తంలో మ్యుటేషన్ కనపడలేదంటే అసలు లేదనేనా?

ముమ్మిడివరం దగ్గర నుంచి రాసిన అబ్బాయికి,

మీరు రాసింది పొడుగ్గా ఉంది. నాకు అర్థమైనంతలో కుదించి చెప్తాను, తప్పుంటే సరిచేయండి. అమ్మగారికి 62 ఏళ్లు, జన్మలో చుట్ట గానీ సిగరెట్ గానీ ముట్టలేదు. ఏడాదిన్నర కిందట బయాప్సీ చేస్తే ఊపిరితిత్తిలో అడినోకార్సినోమా అనే రకం క్యాన్సర్ అని, ఈజీఎఫ్‌ఆర్ జన్యువులో ఎక్సాన్ 19 డిలీషన్, అంటే ఒక ముక్క ఎగిరిపోయిన మార్పు (మ్యుటేషన్), ఉందని వచ్చింది. అప్పటి నుంచి రోజూ ఆ మార్పు మీద పనిచేసే జెఫిటినిబ్ 250 మిల్లీగ్రాముల బిళ్ల. దగ్గు తగ్గింది, ఒళ్లు చేసింది, కార్తీకమాసంలో కోటిపల్లి వెళ్లి గౌతమిలో స్నానం కూడా చేసొచ్చారు. రెండు నెలలుగా మళ్లీ దగ్గు. సీటీలో గడ్డ 2.1 సెంటీమీటర్ల నుంచి 3.4కి పెరిగింది. రక్తం తీసి పంపితే ‘మ్యుటేషన్లు ఏవీ కనపడలేదు’ అని రిపోర్టు వచ్చింది. దాంతో మీ బావగారు మొదటి రిపోర్టే తప్పంటున్నారు. ఎవరో బిళ్ల ఆపేసి కీమో పెట్టించమన్నారు, ఇంకెవరో ఇమ్యునోథెరపీ (ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే మందు) అన్నారు. ఏ రిపోర్టు నమ్మాలి, ఏ మందుకు మారాలి అన్నది మీ టెన్షన్.

ముందు ఒక్క మాట. తర్వాతి మందు ఏదో తేలేదాకా మీ అంతట మీరు బిళ్ల ఆపకండి. గడ్డ పెరిగింది కాబట్టి మందు పూర్తిగా పనిచేయడం మానేసిందని అనుకుంటాం. కానీ ఒంట్లో ఉన్న క్యాన్సర్ కణాల్లో చాలా భాగం ఇంకా ఆ బిళ్లకు లొంగే ఉండొచ్చు, పెరిగేవి కొన్నే కావచ్చు. ఉన్నట్టుండి ఆపేస్తే కొందరిలో వారం పది రోజుల్లోనే జబ్బు ఎగదన్నుతుంది. ఆయాసంతో అర్ధరాత్రి అంబులెన్సులో రావులపాలెం దాటి నా దగ్గరికి వచ్చినవాళ్లున్నారు. ఏమైందని అడిగితే, ‘రిపోర్టులో ఏమీ లేదన్నారండి, అందుకే ఆపేశామండి’ అన్నారు.

ఇక రిపోర్టు సంగతి. మీరు పంపిన ఫొటోలో నాకు ముఖ్యంగా కనపడింది మీరు రాయని విషయం. అందులో కొత్త మ్యుటేషన్ లేకపోవడమే కాదు, పాతది, ఎక్సాన్ 19 డిలీషన్ కూడా లేదు. అది ఎక్కడికీ పోదు. ఈ క్యాన్సర్ పుట్టిందే దాంతో; గడ్డలోని కణాలన్నిటికీ అది పుట్టుమచ్చలాంటిది. గడ్డ పెరుగుతూ ఉండగా రక్తంలో ఆ పుట్టుమచ్చే దొరకలేదంటే, తీసిన రక్తంలో క్యాన్సర్ డీఎన్‌ఏ చాలినంత లేదన్నమాట. ఉంటే పాత మ్యుటేషన్ అయినా దొరకాలి. అంటే ఆ పరీక్ష ‘కొత్త మార్పు లేదు’ అని చెప్పలేదు. ‘నేను చూడలేకపోయాను’ అని చెప్పింది. ఆ రెండింటికీ బోలెడు తేడా. అదే రిపోర్టులో ఎక్సాన్ 19 కనపడి, కొత్తది కనపడకపోయి ఉంటే దానికి కొంత విలువ ఇచ్చేవాణ్ణి.

రక్తంలో వెతకడానికి క్యాన్సర్ కణాలు చచ్చినప్పుడు వదిలే డీఎన్‌ఏ ముక్కలు రక్తంలో తేలుతూ ఉండాలి. కాలేయానికో ఎముకలకో పాకినవాళ్లలో అవి బాగా ఉంటాయి. జబ్బు ఊపిరితిత్తి దాటకుండా ఉన్నవాళ్లలో, లేదా మెదడులో మాత్రమే ఉన్నవాళ్లలో తక్కువ. జెఫిటినిబ్‌కు లొంగకుండా చేసే టి790ఎం అనే కొత్త మార్పు గడ్డ ముక్కలో ఉన్నట్టు తేలినవాళ్లను తీసుకుంటే, వాళ్లలో ప్రతి 10 మందిలో సుమారు ముగ్గురికి రక్తంలో అది దొరకదు. అందుకే మేం రక్తంలో ‘ఉంది’ అని వస్తే నమ్ముతాం, ‘లేదు’ అని వస్తే ముక్క పరీక్షకు పంపుతాం. చాలామంది ఇళ్లలో దీన్ని తిరగేసి అర్థం చేసుకుంటారు.

కాబట్టి మీ బావగారికి చెప్పండి, రెండు రిపోర్టులూ నిజమే. ఒకటి ఏడాదిన్నర కిందట ఒక ముక్కలో చూసింది, రెండోది మొన్న రెండు ట్యూబుల రక్తంలో చూసింది. మొదటి రిపోర్టు తప్పయితే జెఫిటినిబ్ ఏడాదికి పైగా ఎలా పనిచేస్తుంది? ఆ బిళ్ల పనిచేయడమే దానికి పెద్ద సాక్ష్యం.

మరి జబ్బు ఎందుకు తిరగబడింది? మీది వ్యవసాయ కుటుంబం అన్నారు కాబట్టి తేలిగ్గా చెప్పొచ్చు. సార్వాలో దోమపోటు పడితే ఒకే మందు ఏళ్ల తరబడి కొట్టాం గుర్తుందా? మొదట్లో చేను తేటగా కనపడేది. తర్వాత అదే మందు రెండింతలు కొట్టినా దోమ కదలలేదు. మందు దోమను మార్చలేదు. లొంగేవన్నీ చచ్చి, పుట్టుకతోనే తట్టుకోగలిగిన నాలుగు మిగిలి, చేనంతా వాటి సంతానమే అయింది. గడ్డలో కూడా అంతే. జెఫిటినిబ్, ఎర్లోటినిబ్, అఫాటినిబ్ లాంటివి వాడినవాళ్లలో సగం మందికి, ఇంకొంచెం ఎక్కువమందికే, ఆ మిగిలిన కణాల్లో టి790ఎం ఉంటుంది. ఈజీఎఫ్‌ఆర్ ప్రొటీన్‌లో 790వ స్థానంలో ఉండే థ్రియోనిన్ అనే అమైనో ఆమ్లం పోయి మెథియోనిన్ వచ్చి కూర్చుంటుంది. ఆ తర్వాత జెఫిటినిబ్ అక్కడ సరిగ్గా ఇమడదు.

ఇది ఎందుకు ముఖ్యమంటే, దీనికి విడిగా మందు ఉంది. ఒసిమర్టినిబ్, 80 మిల్లీగ్రాముల బిళ్ల, రోజుకొకటి. టి790ఎం ఉన్నవాళ్లలో దీన్ని కీమోతో పోల్చి చూసిన ఆరా3 పరీక్ష ఫలితాలు 2017 నాటికే వచ్చాయి. జబ్బు పెరగకుండా ఆగిన కాలం బిళ్లతో మధ్యస్థంగా 10.1 నెలలు, కీమోతో 4.4 నెలలు. పైగా ఇది మెదడులోకి బాగా వెళ్తుంది, ఈ రకం క్యాన్సర్ మెదడుకు పాకడం మామూలే కాబట్టి అది చిన్న విషయం కాదు. అమ్మగారికి టి790ఎం ఉందో లేదో తేల్చకుండా నేరుగా కీమోకి వెళ్లడమంటే, ఉన్న మంచి అవకాశాన్ని చూడకుండా దాటిపోవడమే. అందుకే నా సలహా రెండో బయాప్సీ.

రెండో బయాప్సీ అనగానే ఇంట్లో పెద్దవాళ్లు ‘కదిపితే పాకుతుంది’ అంటారు. ఊపిరితిత్తి గడ్డ విషయంలో ఆ భయంతో పరీక్ష మానుకోవాల్సిన పనిలేదు. నిజంగా భయపడాల్సింది వేరే ఉంది. సూది గుచ్చినప్పుడు ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం, కొంచెం రక్తం పడటం. అందుకే అది సీటీ ఉన్న చోట, గాలి తీసే ఏర్పాటు ఉన్న చోట చేయించాలి. అమ్మగారు గుండెకోసం ఆస్పిరిన్ గానీ క్లోపిడోగ్రెల్ గానీ వాడుతుంటే ముందే చెప్పాలి. ఏ ముక్క తీయాలన్నది కూడా ఆలోచించాలి. పెరుగుతున్న చోట తీయాలి, అందినచోట తీస్తే లాభం లేదు. ఒకవేళ పక్కన నెమ్ము చేరి ఉంటే ఇంకా సులువు. ఆ నీటిలోనే కణాలు దొరకొచ్చు. చాలా చిన్న ఆస్పత్రుల్లో నీరు తీసి ఆయాసం తగ్గించి, సీసా సింకులో పారబోస్తారు. ముందే అడగండి, నీటిలోని కణాల్ని ఒకచోట చేర్చి సెల్ బ్లాక్ చేయించి జన్యు పరీక్షకు పంపమని.

ఎముక నుంచి ముక్క తీస్తే ఇంకో చిక్కు. ఎముకను మెత్తబరచడానికి ల్యాబులో యాసిడ్‌లో నానబెడతారు, దాంతో డీఎన్‌ఏ పాడైపోతుంది. నా పేషెంటు ఒకాయనకి ఇలాగే జరిగింది. తుంటి ఎముక ముక్క తీశారు, మూడు వారాలు ఎదురుచూశాం, ‘పరీక్షకు పనికిరాదు’ అని వచ్చింది. తప్పు ల్యాబుది ఎంతో, ముందే చీటీ మీద రాయని నాదీ అంతే. అప్పటి నుంచి ఎముక ముక్కయితే ‘జన్యు పరీక్ష కోసం, యాసిడ్ వాడవద్దు’ అని పెద్ద అక్షరాలతో రాస్తాను.

ఇంకొకటి. మొదటి బయాప్సీ తాలూకు మైనం బ్లాకు (తీసిన ముక్కను మైనంలో దాచిన దిమ్మ) ఎక్కడుందో కనుక్కుని, రసీదు ఇచ్చి తెచ్చుకోండి. అది మీదే. కొత్త ముక్కను పాతదాంతో పోల్చాలంటే అది కావాలి. రోహిణి కార్తెలో కారు డ్యాష్‌బోర్డు మీద మాత్రం పెట్టకండి. నవ్వకండి, మైనం కరిగి ముద్దయిన బ్లాకు పట్టుకొచ్చినవాళ్లను చూశాను.

బయాప్సీతో పాటు మెదడుకు ఎంఆర్‌ఐ కూడా చేయించండి. తలనొప్పి లేకపోయినా సరే.

ఇప్పుడు, ముక్క పరీక్షలో ఏం వస్తే ఏం చేస్తారన్నది. టి790ఎం వస్తే ఒసిమర్టినిబ్ అని చెప్పాను కదా. అది రాకపోతే మార్గాలు కొంచెం చీలుతాయి.

ఒకటి రెండు చోట్ల మాత్రమే పెరిగి, మిగతా అంతా అదుపులో ఉంటే, పెరిగిన చోట సన్నటి గురిపెట్టిన రేడియేషన్ ఇచ్చి అదే బిళ్ల కొనసాగించొచ్చు. మీ అమ్మగారి విషయంలో ఇది నిజంగా అడగదగ్గ ప్రశ్న, ఎందుకంటే మీరు చెప్పినదాన్ని బట్టి పెరిగింది ఒక్క గడ్డే. మిగతా శరీరం శుభ్రంగా ఉందో లేదో పెట్ సీటీ చూసి గానీ నేను ఆ మాట గట్టిగా అనలేను. చేనంతా దోమ లేనప్పుడు, పట్టిన మడి వరకే చూసుకున్నట్టు.

చాలాచోట్ల పెరిగి, టి790ఎం కూడా లేకపోతే కీమోనే. కార్బోప్లాటిన్, పెమెట్రెక్సెడ్ కలిపి మూడు వారాలకోసారి. పేరు వింటేనే జుట్టంతా ఊడి మంచాన పడటం గుర్తొస్తుంది అందరికీ. పెమెట్రెక్సెడ్ అంత కటువైనది కాదు, చాలామంది ఇంటి పనులు చేసుకుంటూనే తీసుకుంటారు. ఒక్కటే షరతు, మొదలుపెట్టడానికి వారం ముందే ఫోలిక్ యాసిడ్ బిళ్లలు, ఒక బి12 ఇంజెక్షన్ పడాలి. కిడ్నీ పరీక్ష సరిగా ఉండాలి. ‘రేపే ఎక్కించేద్దాం’ అనే తొందరలో ఈ వారాన్ని మింగేస్తే నోరు పూయడం, రక్తకణాలు పడిపోవడం అప్పుడే చూస్తాం.

ముక్కను మైక్రోస్కోపు కింద మామూలుగా కూడా చూడమని చెప్పండి, జన్యువులొక్కటే చూసి ఊరుకోకుండా. కొద్దిమందిలో అడినోకార్సినోమా కాస్తా స్మాల్ సెల్ అనే వేరే రకంగా మారిపోతుంది. జన్యు రిపోర్టులో ఎక్సాన్ 19 అలాగే ఉంటుంది, అందరూ అది చూసి మోసపోతారు. జబ్బు ఉన్నట్టుండి వేగంగా పెరిగితే నాకు మొదట వచ్చే అనుమానం ఇదే. అప్పుడు మందు వేరు, ప్లాటినం రకం కీమో మందుతో ఎటోపోసైడ్. ఇది రక్త పరీక్షలో తేలదు. ముక్క కోసం నేను ఇంత పట్టుబట్టడానికి ఇదీ ఒక కారణం.

మెట్ అనే జన్యువు కాపీలు పెరిగిపోవడం ఇంకో దారి. ఈజీఎఫ్‌ఆర్ తలుపు మూస్తే, జబ్బు పక్క తలుపు తీసుకుని వెళ్లడం. దాన్ని ఆపే మందుల్ని ఈజీఎఫ్‌ఆర్ బిళ్లతో కలిపి ఇస్తున్నారు, పెద్ద సెంటర్లలో. హెచ్‌ఈఆర్2, బీఆర్‌ఏఎఫ్ లాంటి జన్యువుల్లో మార్పులు అరుదు. అవి తెలియాలంటే ఎన్‌జీఎస్ అనే విస్తృత పరీక్ష చేయించాలి. మీ రక్త పరీక్ష పీసీఆర్ పద్ధతిలోదైతే, అది ముందే తెలిసిన కొన్ని చోట్ల మాత్రమే చూసి ఊరుకుంటుంది. రిపోర్టు చివరి పేజీలో ఏ పద్ధతో రాసి ఉంటుంది, చూడండి.

ఇక్కడ చదివే మిగతావాళ్లలో చాలామంది మొదటి నుంచే ఒసిమర్టినిబ్ వాడుతూ ఉంటారు. మీ లెక్క వేరు. మీకు టి790ఎం వెతకడం దాదాపు అనవసరం, ఆ మందు దాన్ని ముందే కట్టేసింది. ఒసిమర్టినిబ్ ప్రొటీన్‌లో 797వ స్థానంలో ఉన్న సిస్టీన్‌ను కొక్కెంలా పట్టుకుంటుంది. అక్కడ సిస్టీన్ బదులు సెరీన్ వస్తే కొక్కెం తగులుకోదు. దాన్నే సి797ఎస్ అంటారు. టి790ఎం లేకుండా సి797ఎస్ ఒక్కటే ఉంటే పాత జెఫిటినిబ్ మళ్లీ పనిచేసే అవకాశం ఉంది. ఎక్కువమందికి మాత్రం కీమో, లేదా కీమోతో పాటు అమివాంటమాబ్ అనే ఇంజెక్షన్. ఆ ఇంజెక్షన్ పనిచేస్తుంది, ఖరీదు మాత్రం మన డెల్టాలో అరెకరం కొబ్బరితోట అమ్మించేలా ఉంటుంది. అది చెప్పకుండా పేరు మాత్రం చెప్పి పంపడం నాకు నచ్చదు.

ఏఎల్‌కే అనే వేరే జన్యువులో మార్పు ఉన్నవాళ్లకూ ఇదే వరస. క్రిజోటినిబ్, తర్వాత అలెక్టినిబ్, తర్వాత లోర్లాటినిబ్. జీ1202ఆర్ అనే మార్పు వస్తే లోర్లాటినిబ్ వైపు చూస్తాం.

రిపోర్టు ఎదురు దిశలో మారడం కూడా ఉంటుంది. మొదట ‘మ్యుటేషన్ లేదు’ అని చెప్పి, ఆర్నెల్ల తర్వాత ‘ఉంది’ అంటారు. చాలాసార్లు మొదటి ముక్కలో క్యాన్సర్ కణాలు చాలినన్ని లేకపోవడమే కారణం. పొగతాగని ఆడవాళ్లలో, వయసు తక్కువ ఉన్నవాళ్లలో ‘లేదు’ అని వస్తే నేను ఒక పట్టాన ఒప్పుకోను, ఇంకోసారి చేయిస్తాను. ఈలోగా ఇమ్యునోథెరపీ మొదలుపెట్టకుండా ఆగడం చాలా ముఖ్యం. అది ఎక్కిన కొద్ది వారాల్లో ఒసిమర్టినిబ్ ఇస్తే ఊపిరితిత్తులు తీవ్రంగా వాచిపోయే ప్రమాదం ఉంది.

అమ్మగారికి ఇమ్యునోథెరపీ గురించి అడిగారు కదా, అది ఇప్పుడు వద్దు. ఈజీఎఫ్‌ఆర్ బిళ్లలు వాడాక కీమోకి ఇమ్యునోథెరపీ కలిపితే ఏమైనా మేలుందా అని చూసిన కీనోట్ 789, చెక్‌మేట్ 722 పరీక్షలు రెండూ చెప్పుకోదగ్గ లాభం చూపలేదు. టీవీలో చూసి, అమెరికాలో ఉన్న మేనల్లుడు చెప్పాడని లక్షలు పోసినవాళ్లను చూశాను. అది మంచి మందే, ఈ జబ్బుకు కాదు.

డబ్బు గురించి. జెఫిటినిబ్ చవకైన జెనెరిక్ రూపంలో దొరుకుతుంది, ఒసిమర్టినిబ్ అలా కాదు. 2024 జులై కేంద్ర బడ్జెట్‌లో దీనిమీద కస్టమ్స్ సుంకం తీసేశారు, అయినా మామూలు కుటుంబానికి బరువే. కంపెనీవాళ్ల పేషెంట్ సహాయ పథకం ఉందేమో మీ డాక్టరు గారి ద్వారా అడిగించండి. ముఖ్యమంత్రి సహాయ నిధికి ఎమ్మెల్యే ఆఫీసు నుంచి అర్జీ పెట్టుకోవచ్చు. కీమో ఎన్టీఆర్ వైద్య సేవలో వస్తుంది. ఏ బిళ్ల వస్తుందో ఏది రాదో చేరేముందే ఆస్పత్రి కౌంటర్లో అడగాలి, తర్వాత కాదు. విశాఖలో అగనంపూడి దగ్గర టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉంది, రెండో అభిప్రాయానికి ఒకసారి వెళ్లి రావచ్చు. వాట్సాప్‌లో ‘పక్క దేశం నుంచి సగం రేటుకు తెప్పిస్తాం’ అనేవాళ్ల దగ్గర కొనకండి. ఆ డబ్బాలో ఏముందో పరీక్షించే దారి నాకూ లేదు, మీకూ లేదు.

ఒసిమర్టినిబ్ మొదలయితే చర్మం మీద పొక్కులు, గోరుచుట్టు, విరోచనాలు మామూలే, సర్దుకుంటాయి. ఉన్నట్టుండి కొత్తగా ఆయాసం వస్తే మాత్రం ఆ రోజే కనపడాలి. బిళ్ల మొదలుపెట్టే ముందే ఒక ఈసీజీ తీయించండి.

చివరగా, ఇది ముందే అడగాల్సింది, రాస్తూ రాస్తూ ఇప్పుడు గుర్తొచ్చింది. అమ్మగారు పొద్దున్నే గ్యాస్ బిళ్ల వేసుకుంటారా? మన గోదావరి జిల్లాల్లో కాఫీ కన్నా ముందు పాంటాప్రజోల్ పడేవాళ్లే ఎక్కువ. కడుపులో ఆమ్లం తగ్గితే జెఫిటినిబ్ ఒంటికి సరిగా పట్టదు. రెండింటికీ 12 గంటల ఎడం ఉండాలి. అలాగే ఈ మధ్య దగ్గుకి ఎవరైనా టీబీ అనుకుని మందులు మొదలుపెట్టారా? అందులో రిఫాంపిసిన్ ఉంటుంది, అది జెఫిటినిబ్‌నీ ఒసిమర్టినిబ్‌నీ కూడా ఒంట్లోంచి తొందరగా వెళ్లగొడుతుంది. నాటువైద్యుల పొడులు ఏమైనా ఉంటే అవీ చెప్పండి, నేనేమీ తిట్టను. మందు సరిగా అందకనే గడ్డ పెరిగి ఉంటే లెక్క మొత్తం మారిపోతుంది. బయాప్సీకి తేదీ తీసుకునే లోపు, ఈ రాత్రికే అమ్మగారి మందుల డబ్బా అంతా మంచం మీద గుమ్మరించి, ఒక్కో స్ట్రిప్పూ ఫొటో తీసి పంపండి.